వరము ఎవరిది?

ధ్యాన భాగములు: రోమా 12:1-8, 1 కొరింథీ 12, 13 అధ్యాయములు, 1 పేతురు 4:10, 11



కృపావరములను గూర్చి మన సంఘములలో మాట వచ్చినప్పుడు సాధారణముగా రెండు విధముల వారు కనబడుదురు. మొదటి విధమువారు భాషలతో మాటలాడుటను, స్వస్థపరచుటను, ప్రవచనమును తలంచుకొని, ఇట్టివి తమకు లేవు గనుక తాము వరము లేనివారమని వెనుక బల్లమీద కూర్చుండిపోవుదురు. రెండవ విధమువారు తమకు మంచి కంఠమో, వాక్చాతుర్యమో, పెద్దరికమో ఉన్నది గనుక దానికి తగిన కుర్చీని సంఘములో వెదకుదురు. మొదటివారు తలాంతును భూమిలో పాతిపెట్టుచున్నారు. రెండవవారు దానిని సంతలో పెట్టుచున్నారు. ఈ రెండు తప్పులకును వేరు ఒక్కటే. వరము ఎవరిది అని అడిగినయెడల, అది కలిగినవానిదే అని ఇరువురును జవాబు చెప్పుదురు. ఆ జవాబు సరియైనదా అని ఈ నెల మనము విచారింతము.

కొరింథులోని కొదువ

పౌలు ఈ సంగతిని ఏ సంఘమునకు వ్రాసెనో మొదట గమనింపవలెను. కొరింథీ సంఘములో వరములకు కొదువ లేదు. పత్రిక మొదటి అధ్యాయములోనే అపొస్తలుడు ఆ మాట ఒప్పుకొనుచున్నాడు. అయినను అదే పత్రిక పదునొకండవ అధ్యాయములో, ప్రభువు భోజనమునకు కూడివచ్చినప్పుడు ఒకడు ఆకలితో నుండగా మరియొకడు త్రాగి మత్తుడై యుండెనని చదువుచున్నాము. ఒకే బల్లయొద్ద వరములు పొంగి పొరలుచున్నవి, ప్రక్కవాని కడుపు మాత్రము కాలుచున్నది. వరము ఉన్నంత మాత్రమున సంఘము ఆరోగ్యముగా నున్నదని చెప్పుటకు వీలులేదని ఇందువలన తేటపడుచున్నది.

అందుకే పౌలు, ఆత్మ ప్రత్యక్షత ప్రతివానికి ఇయ్యబడినది అందరి మేలుకొరకే యని బోధించుచున్నాడు. పేతురు మనలను గృహనిర్వాహకులతో పోల్చుచున్నాడు. ఈ పోలిక మన ప్రాంతమువారికి సులభముగా బోధపడును. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కాలమున ధాన్యపు గాదెల తాళములు గుమాస్తాల చేతులలో నుండెడివి. తాళము చేతిలో నున్నందున గాదె గుమాస్తాది కాలేదు. కొలిచి ఇయ్యవలసినవారికి అతడు కొలిచి ఇయ్యవలెను. లెక్క చెప్పవలసిన దినమున లెక్క చెప్పవలెను. వరము దేవునిది, తాళము మనయొద్ద నున్నది, ధాన్యము పొరుగువానికి చెందవలసినది. తాళమును చూపి గర్వించు గుమాస్తాయు, తాళము పారవేసి పారిపోయిన గుమాస్తాయు యజమానునికి ఒక్కటే నష్టము కలుగజేయుదురు.

నేర్చుకొన్న పని వరమగునా?

ఇక్కడ కొంత కఠినమైన ప్రశ్న లేచుచున్నది. ఒకడు వైద్యశాస్త్రము చదివి కన్ను బాగుచేయుచున్నాడు. వేరొకడు గురువునొద్ద ఛందస్సు నేర్చి పద్యము చెప్పుచున్నాడు. ఇవి పుట్టుకతోను అభ్యాసముతోను వచ్చినవి. వీటిని ఆత్మవరములనవచ్చునా? దేవుని నెరుగనివారిలో సహితము గొప్ప వైద్యులును, కవులును ఉన్నారు గదా? ప్రతి నేర్పును వరమని పిలిచినచో ఆత్మయొక్క ప్రత్యేకమైన కార్యమును తక్కువ చేసినట్లు కాదా?

ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. దీనికి లేఖనములోను, మన జిల్లాల సంఘచరిత్రలోను జవాబు వెదకుదము.

నిర్గమకాండము 31వ అధ్యాయములో, దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపెనని వ్రాయబడియున్నది. ఎందుకు? ప్రవచించుటకు కాదు, బంగారము, వెండి, ఇత్తడి పనులు చేయుటకు, రత్నములు సానబెట్టుటకు, కఱ్ఱ చెక్కుటకు. ఉలి పట్టిన చేతిమీద దేవుని ఆత్మ నిలిచెను. పౌలు సహితము 1 కొరింథీ 12:28లో అద్భుతములు చేయువారి ప్రక్కనే ఉపకారములు చేయువారిని, కార్యములను నడిపించువారిని చేర్చి చెప్పుచున్నాడు. రోమా పత్రికలో ధర్మము చేయుటయు, కరుణ చూపుటయు బోధించుటతో సమానముగా ఎంచబడుచున్నవి.

పురుషోత్తమ చౌదరిగారు

ఇక మన ప్రాంతపు చరిత్రకు వత్తము. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున ఒక ఒరియా బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. సత్యమును వెదకుచున్న దినములలో శ్రీకాకుళమునందలి ఒక దొరసాని సాంగత్యము ఆయనకు తోడ్పడెను. 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. 1890లో మరణించువరకు ఆయన చేసిన సేవలో మనకు మిగిలిన గొప్ప ఆస్తి ఆయన కీర్తనలు. ఇంటిలో ఒరియా మాటలాడు కుటుంబమున పుట్టినవాని కీర్తనలను తెలుగు సంఘము తరతరములుగా పాడుచున్నది. బల్ల వేరైనను, మిషను వేరైనను, పాటలపుస్తకము తెరచినప్పుడు అందరమును ఆయన ఋణస్థులమే.

ఆయన ఉపయోగించిన రాగతాళములు క్రొత్తగా ఆకాశమునుండి దిగివచ్చినవి కావు. ఈ దేశపు గాయకులు పాడుకొనుచుండిన రాగములే అవి. నేటికిని మన కీర్తనల పుస్తకములో పాట తలమీద రాగమును తాళమును అచ్చువేయుట మనము చూచుచున్నాము. మరి మారినదేమి? ఎవరి మహిమకై, ఎవరి మేలుకై అను రెండు సంగతులు మారినవి. చదువురాని ముసలమ్మ లేఖనమును చదువలేకపోయినను కీర్తనను కంఠస్థము చేసికొని, పొలములో కలుపు తీయుచు రక్షణ వార్తను నెమరు వేసికొనగలిగెను. పండితుని విద్య పామరుని నోట రొట్టెముక్క ఆయెను. ఆ స్థలముననే నేర్పు వరముగా మారినది.

సోంపేటలోని కన్నుల వైద్యము

రెండవ దృష్టాంతము శ్రీకాకుళము జిల్లా సోంపేటలోనిది. కెనడా బాప్తిస్టు మిషనుకు చెందిన డాక్టరు బెన్ గల్లిసన్‌గారు అక్కడి ఆసుపత్రిలో కంటి రోగులకు వైద్యము చేసిరి. శుక్లములచేత చూపు పోయిన బీదవారికి శస్త్రచికిత్స చేసి మరల చూపు కలుగజేయుట ఆయన పని. ఆ కంటి ఆసుపత్రికి ఆరోగ్యవరము అని పేరు. ఈ పేరులోనే మన ప్రశ్నకు సగము జవాబున్నది. ఆరోగ్యమును ఇచ్చువాడు దేవుడు గనుక అది వరము. అది చేరునది రోగికి. వైద్యుడు నడుమ నిలిచిన చెయ్యి.

ఆ కథ అక్కడ ఆగలేదు. కెనడాలోని కాల్గరీ నగరమున ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారి గల్లిసన్‌గారి మాటలు విని కదిలింపబడి, 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను ఆరంభించెను. అతడు కత్తి పట్టి ఒక్క కన్నైనను బాగుచేసినవాడు కాడు. డబ్బు కూర్చుట, మనుష్యులను ఒప్పించుట, పని నడిపించుట అతని నేర్పు. ఆ సంస్థ పని కాలక్రమమున ఇతర దేశములకును వ్యాపించెను. వీరిద్దరిలో ఎవరికి వరమున్నదని అడిగినయెడల ఏమి చెప్పుదుము? ఒకరికి స్వస్థపరచు చెయ్యి, ఒకరికి ఉపకారము చేయు మనస్సు. ఒకటి లేనిదే రెండవది కుంటుపడియుండును.

మూడు గురుతులు

ఈ సంగతులనుబట్టి మేము మూడు గురుతులు చెప్పుచున్నాము. నేర్పు ఎక్కడనుండి వచ్చినదను విచారణతోనే వరమును తేల్చలేము. శ్రేష్ఠమైన ప్రతి యీవియు పైనుండి వచ్చినదే యని యాకోబు బోధించుచున్నాడు. కాబట్టి ఆక్షేపించువారికి మా జవాబు ఇది: దేవుని నెరుగనివాని నేర్పును దేవుడిచ్చినదే, అందుకు ఆయనను స్తుతింతము, అయితే దానిని కృపగా ఎరిగి, క్రీస్తుకు అప్పగించి, సంఘమునకును పొరుగువానికిని వెచ్చించినప్పుడు దానిని ఆత్మవరమని పిలుచుచున్నాము.

మొదటి గురుతు, దీనత్వము. నీవు పొందనిది నీకేమున్నదని పౌలు కొరింథీయులను అడుగుచున్నాడు. పొందినవాడు అతిశయపడుటకు చోటులేదు.

రెండవది, పొరుగువాని మేలు. ఇది పరీక్షింపదగిన గురుతు. నా వరమువలన ఎవరి భారము తేలికైనది? యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆమె కుట్టిన బట్టలను పేతురునకు చూపించిరి. ఆమె చేసిన ప్రసంగమొక్కటియు లేఖనములో లేదు. ఆమె సాక్ష్యము వారి ఒంటిమీద నుండెను.

మూడవది, ప్రేమ. వరములను గూర్చిన పండ్రెండవ, పదునాలుగవ అధ్యాయముల నడుమ పదుమూడవ అధ్యాయము ఊరక పడలేదు. సమ్సోనుకు బలమున్నది, బిలామునకు ప్రవచనమున్నది. అయినను వారి బ్రదుకులు మనకు హెచ్చరికగానే నిలిచినవి. వరము పరిశుద్ధతకు కొలబద్ద కాదు.

ఒక హెచ్చరిక

స్వస్థతా వరమును గూర్చి ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. సోంపేట, కవిటి, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానపు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎందరి ఇండ్లలో దుఃఖము నింపుచున్నదో మీరెరుగుదురు. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. డయాలసిస్ చేయించుకొనువారు వారమునకు రెండు మూడు మారులు ఆసుపత్రికి పోవలసి యుందురు. కూలి పోవును, తోడు పోవువాని కూలియు పోవును. అట్టి రోగియొద్దకు వచ్చి, నీకు విశ్వాసమున్నయెడల మందు మానివేయుమని చెప్పువాడు ఎంత గట్టిగా ప్రార్థించినను పొరుగువాని మేలు చేయుటలేదు. రోగికొరకు ప్రార్థించుడి, యాకోబు పత్రిక అట్లు ఆజ్ఞాపించుచున్నది. దేవుడు బాగుచేయగలడని నమ్ముడి. అయితే మందు మానుమని చెప్పకుడి. రోగము నయము కానప్పుడు, నీ అవిశ్వాసమే కారణమని అతని తలపై మరియొక బరువు మోపకుడి. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడు మారులు వేడుకొనెను. అది తొలగలేదు, కృప చాలునను జవాబు మాత్రము దొరికెను. పౌలునకు విశ్వాసము లేదందుమా?

ఆ రోగిని తెల్లవారుజామున ఆటోలో ఎక్కించి, ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు అతనితో కూర్చుండి, తిరిగి యింటికి చేర్చు యౌవనస్థునికి వరము లేదని ఎవరు చెప్పగలరు? పౌలు చెప్పిన ఉపకారములు చేయు వరము అదే.

నా వరము నాకెట్లు తెలియును?

ఇట్లు అనేకులు అడుగుచున్నారు. వరముల పట్టిక ముందు పెట్టుకొని, ఇందులో నాది ఏది అని వెదకుట కంటె లేఖనములో మంచి మార్గమున్నది. రోమా 12వ అధ్యాయపు వరుస చూడుడి: మొదట శరీరమును సజీవయాగముగా అర్పించుట, తరువాత మనస్సు మారుట, అటుపిమ్మటనే వరములు. అర్పణ ముందు, వరము వెనుక. కాబట్టి మొదట పొరుగున ఉన్న అవసరతను చూడుడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చిన దినములవంటి దినములలో, నా వరమేమని కూర్చుండి ఆలోచించుటకు తీరిక యెక్కడిది? గంజి కాచుట వచ్చినవారు కాయవలెను, చెట్టు నరుకుట వచ్చినవారు నరుకవలెను. పని చేయుచుండగా చెయ్యి దేనికి తగినదో తెలియును. తోటి విశ్వాసులు దానిని గుర్తించి చెప్పుదురు.

పొందూరు ఖద్దరు తయారగు విధము మీలో అనేకులకు తెలియును. వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని శుభ్రపరచువారొకరు, సన్నని నూలు వడుకువారొకరు, మగ్గమునొద్ద నేయువారొకరు. తెల్లని బట్టను చూచినవాడు నేతగానినే మెచ్చుకొనును. చేప పండ్లతో ప్రత్తిని దువ్విన చెయ్యి ఎవరికిని జ్ఞాపకము రాదు. అయినను ఆ చెయ్యి లేనిదే ఆ నూలుకు అంత సన్నదనము లేదు. శరీరములో బలహీనములుగా కనబడు అవయవములే మరి అవసరమైనవని పౌలు బోధించినదానిని మన ఊరి మగ్గము నేటికిని సాక్ష్యమిచ్చుచున్నది.

ఒకని చేతిలో ఆరంభమైన పని ఒకని చేతితోనే ముగియవలెనను నియమము లేదు. 1805లో లండన్ మిషనువారైన క్రాన్, డి గ్రాంజ్ దొరలు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఒకరు 1809లోను, మరియొకరు 1810లోను కన్నుమూసిరి. డి గ్రాంజ్ దొరకు తోడ్పడిన ఆనందరాయరుగారి తెలుగు పాండిత్యముతో సువార్తల తర్జుమా సాగినది. పిమ్మట ప్రిచెట్ దొర తర్జుమా చేసిన తెలుగు క్రొత్తనిబంధన 1818లో మద్రాసులో అచ్చుపడినది. నాటినవాడు పంటను చూడలేదు. అయినను అందరి పనియు ఒక్క పొలములోనిదే.

కాబట్టి ప్రియులారా, మన సంఘములలో ఒక చిన్న పని చేయుదము. సంఘపు పెద్దలు ఈ నెలలో ఒక సాయంకాలము కూర్చుండి, ఎవరు ప్రసంగింపగలరు, ఎవరు పాడగలరు అని మాత్రము గాక, ఎవరి యింటిలో రోగి యున్నాడు, ఎవరి కుమారుడు కూలికై దూరదేశము పోయినందున తల్లి ఒంటరిగా నున్నది, ఏ బిడ్డకు చదువు చెప్పువారు లేరు అని వ్రాసికొందురు గాక. ఆ పట్టిక ప్రక్కన మన పేరులు వ్రాయుదము. వెనుక బల్లమీద కూర్చున్నవారి పేరులు ముందుగా వ్రాయుదము. వారిని ఇంతవరకు ఎవరును అడుగలేదు.

లెక్క అడుగు యజమానుడు వచ్చుచున్నాడు. తాళము ఎంత మెరయుచున్నదని ఆయన అడుగడు. గాదెలోని ధాన్యము ఎవరి యింటికి చేరినదని అడుగును. ఆ దినమున సంతోషముతో లెక్క అప్పగించునట్లు ప్రభువు మనకందరికిని సహాయము చేయును గాక. ఆమేన్.