గంజాయియు దండనీతియు

రామారెడ్డి కాలభైరవస్వామి గుడివంటి క్షేత్రములలో బైరాగి చిలుము పట్టినచో మనము పెడమొగము పెట్టి పోవుదుము. ఆ గంజాయినే మన వీధి కుఱ్ఱడు ముట్టెనని విన్నచో గుండె పగులును. దానిని మూటగట్టి తెచ్చిన కూలివానిని చెఱసాలలో కుళ్లనీయవలెనందుము. ఒక్క మొక్కను గూర్చి మన మనస్సున మూడు ధర్మములేల?

1893లో ఆంగ్లప్రభుత్వము నియమించిన విచారణసంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, మితముగా వాడువారికి కీడు స్వల్పమనియు, నిషేధముకంటె పన్ను వేసి యదుపులో నుంచుటయే మేలనియు మఱుసటియేట తేల్చెను. పన్ను రుచి మరగిన ప్రభుత్వపు సంఘము గనుక దాని మాటను వేదవాక్కుగా గొననక్కఱలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వేఱుత్రోవ పట్టినది. అందు పూతకొనలే గంజాయి. వానితో గూడని యాకును గింజయు గంజాయి కావు. శిక్షయో, తూకమును బట్టి: 1 కిలోవఱకు ఒక సంవత్సరము మించదు, 20 కిలోలు దాటినచో 10 సంవత్సరములకు తగ్గదు.

నా సందేహమంతయు ఈ త్రాసును గూర్చియే. అది మూటను తూచునుగాని మనుష్యుని తూచదు. కూలికై మోసినవాని నెత్తిన 20 కిలోలున్నవి. పెట్టుబడి పెట్టినవాని చేతిలో తులమైనను లేదు. కుట్రదారునకును అంతే శిక్ష యని చట్టము చెప్పకపోలేదు. కాని కుట్రను వెదకి రుజువు చేయవలెను. మూట కంటికే కనబడును. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. అంత సరకును కూలివాడు తన డబ్బుతో కొనియుండునా?

ఆఫ్రికా పడమటితీరమున నున్న ఘనా దేశమువారు 2020లో, స్వంతవాడుకకు గంజాయి నుంచుకొన్నవానికి చెఱ మాని జరిమానా విధించిరి. మత్తు మిక్కిలి తక్కువగు రకమును నారకును మందులకును లైసెన్సుపై పండింపవచ్చుననిరి. శాసనసభలో తగు చర్చ జరుగలేదని 2022లో వారి సర్వోన్నత న్యాయస్థానము ఆ లైసెన్సు నిబంధనను కొట్టివేసెను. 2023లో సభవారు దానిని మరల శాసించిరి. వారి నిర్ణయము మనకు తగునో తగదో గాని, చర్చ లేని చట్టము చెల్లదన్నమాట నాకు నచ్చినది.

మన యిండ్లలో ఆ చర్చ యేది? వ్యసనపరుడు తనంత తాను చికిత్సకు వచ్చినచో, వాడుకకును స్వల్పపరిమాణమునకును సంబంధించిన నేరమునకు విచారణ నుండి విడుదల గలదని మన చట్టమందే 64ఏ సెక్షను చెప్పుచున్నది. ఆ తలుపు తెఱచియేయున్నది. తండ్రి మాత్రము పరువు పోవునని కొడుకును గదిలో నుంచి తాళము వేయును. వెలుపలికి వచ్చి, పొరుగూరి కూలివానికి పదేండ్లు చాలవనును.