ఓర్చుకునేవారిపై భారం మోపవచ్చా?

“వాళ్ళు తట్టుకోగలరు లెండి!” కష్టాలకు అలవాటుపడినవారి గురించి మనం ఎంతో తేలికగా అనేసే మాట ఇది. ఇందులో న్యాయం ఎంత ఉందో ఒక పక్షి జీవితాన్ని చూసి ఆలోచిద్దాం.

దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాల మధ్య టిటికాకా సరస్సు ఉంది. సముద్రమట్టానికి దాదాపు 3,810 మీటర్ల ఎత్తు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ వంతు 21 శాతమే. కాని గాలి పీడనం తక్కువ కావడంతో ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. కొత్తగా వెళ్ళిన మనిషికి నాలుగు మెట్లెక్కినా ఆయాసమే.

అటువంటి చోట టిటికాకా గ్రీబ్ అనే పక్షి ఊపిరి బిగబట్టి నీట మునిగి చేపలు పట్టుకుంటుంది. మన చెరువుల్లో మునిగి తేలే చిన్న గ్రీబ్‌కు ఇది బంధువే. రెక్కలు చిన్నవి కావడంతో ఎగరలేదు.

మరి ఎలా బతుకుతోంది? పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగుతుంది. అందువల్ల అవి మనకన్నా సమర్థంగా ఆక్సిజన్‌ను గ్రహిస్తాయి. నీట మునిగే పక్షులు రక్తంలోని హీమోగ్లోబిన్‌లో, కండరాల్లోని మయోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌ను నిల్వ చేసుకుంటాయి. ఎంత అద్భుతమైన ఏర్పాటు! అయితే ఆ నిల్వకు ఒక హద్దు ఉంది. అది మునిగి తిరిగి పైకి రావడానికి సరిపోయేంతే.

ఆ పలుచని గాలిని తట్టుకున్న పక్షి మనిషి పన్నిన వలను తట్టుకోలేకపోతోంది. చేపల వలల్లో చిక్కి, పైకి రాలేక నీటిలోనే ప్రాణం విడుస్తోంది. ఈ జాతి నేడు అంతరించిపోయే ప్రమాదంలో ఉండటానికి ఈ వలలు ఒక ముఖ్య కారణం. జాలరి ఆకలి కూడా నిజమే. కాని తన ఆకలి తీర్చుకునే పద్ధతి మరో ప్రాణికి ఊపిరాడకుండా చేస్తున్నప్పుడు ఆ పద్ధతిని మార్చుకోవలసిన బాధ్యత మనిషిదే. ఎందుకంటే ఆలోచించే శక్తి ఉన్నది అతనికే.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వెతుక్కోనీయక చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతిని దైవప్రవక్త (స) తెలియజేశారు. వెతుక్కునే దారిని మూసేయడమే ఆమె చేసిన ఘోరం.

ఇక మన ఇళ్ళ సంగతి చూడండి. నోరెత్తని కోడలు, ఎదురుచెప్పని పనిమనిషి, ఎంత పనైనా చేసే కూలీ... వారి ఓర్పుకూ ఒక హద్దు ఉంటుంది. అది వారి మంచితనమే గాని, మనకిచ్చిన అనుమతి కాదు. మీ ఇంట్లో ఎన్నడూ ఫిర్యాదు చేయనివారు ఎవరైనా ఉన్నారా? అయితే ఈ రోజే వారి దగ్గర కూర్చుని, వారు మోస్తున్న బరువులో మీ వంతు ఎంతో అడిగి తెలుసుకోండి.