ఒంటరి బాటసారి ఎవరికి ఋణస్థుడు?



"నా ప్రాణము నాది, నా కాళ్లు నావి, నాకేమైనను ఇతరులకేమి?" అను మాట తరచుగా వినబడుచున్నది. ఈ మాట ఎంతవరకు న్యాయమో ఈ నెల ఆలోచింతము. ఇందుకు దూరదేశపు కొండలలో ఒంటరిగా నడచువాని ఒక దినమును ఉదాహరణగా తీసికొందము.

స్కాట్లాండు దేశపు వాయవ్య భాగమంతయు కొండసీమ. అక్కడ ఫోర్ట్ విలియం పట్టణము మొదలుకొని, కేప్ రాత్ అను భూశిరస్సుననున్న దీపస్తంభము వరకు కాలినడకను పోవుదురు. దూరము సుమారు 370 కిలోమీటర్లు. రెండు మూడు వారముల ప్రయాణము. బాట యనుట పేరునకే, దారి పొడుగున గురుతులు లేవు. ఊళ్లు బహు తక్కువ. మన కోస్తా జిల్లాలలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షము కురియుచుండగా, ఆ పడమటి కొండలలో అనేకచోట్ల 3000కు మించి కురియును. అది మన తొలకరి వంటిది కాదు, ఎముకలు కొరుకు చలివాన.

అట్టి చోట కఠినమైన దినము ఎట్లుండును? ఉదయముననే పొగమంచు దిగి కొండలు కనబడవు. బురదనేలలో కాలు మోకాలివరకు దిగబడును. గంటకు నాలుగు కిలోమీటర్లు నడువగలవానికి ఒకటి నడుచుటయే గగనమగును. మధ్యాహ్నమునకు బట్టలు, బూట్లు, వీపుమీది మూట అన్నియు తడిసి బరువెక్కును. సాయంకాలమునకు వంతెన లేని యేరు ఎదురగును. పొద్దున పిక్కలలోతున్న నీరు ఇప్పుడు నడుములోతై రాళ్లను దొర్లించుచుండును.

వాగుల యొద్ద కాపురముండు మనవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే భేదమొకటి కలదు. మనవాడు రోగిని ఆసుపత్రికి మోసికొనిపోవలసివచ్చి వాగు దాటును. ఆ బాటసారియో తానే కోరుకొని వచ్చెను. కోరుకొన్న కష్టము పాపమని మేము చెప్పము. దేహమును అలయజేసి, మౌనముగా నడచి, దేవుని సృష్టిని చూచుట మనుష్యునికి మేలే. కాని ఆ కష్టము తనకొక్కనికే చెందినదా?

చలిని గూర్చి వైద్యులు చెప్పునది వినుడి. నీరు గడ్డకట్టునంత చలి అక్కరలేదు. తడియు గాలియు చాలును. శరీరపు వేడి 35 డిగ్రీలకు దిగువకు పోయినప్పుడు వణకు పుట్టును, పిమ్మట బుద్ధి మందగించును. భయపడవలసినదేమనగా, బుద్ధి మందగించినవాడు ఆ సంగతి తానెరుగడు. తోడున్నవాడైతే, "అన్నా, నీ మాట తడబడుచున్నది, ఆగుము" అనును. ఒంటరివానికి ఆ మాట చెప్పువాడు లేడు. ప్రసంగి 4వ అధ్యాయము ఒంటరిగా పడినవానిని గూర్చి ఎందుకు విచారపడెనో ఇక్కడ తెలియుచున్నది.

ఇక మరియొక ప్రక్క చూడుడి. ఆ కొండలలో అక్కడక్కడ బాతీలని పిలువబడు పాత రాతియిండ్లున్నవి. 1965లో ఏర్పడిన మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ వారు, సొంతదారుల అనుమతితో, సుమారు 100 ఇండ్లను బాగుచేసి నిలుపుచున్నారు. తలుపునకు తాళము లేదు, అద్దె లేదు. కప్పు వేసినవారు జీతము పుచ్చుకొనలేదు. ఆ కప్పు క్రింద ఎవరు తలదాచుకొందురో వారెరుగరు. కొండలలో తప్పిపోయినవానిని వెదకుటకు పోవువారును చాలవరకు స్వచ్ఛంద సేవకులే. పగలు తమ పనులు చేసికొని, పిలుపు వచ్చినప్పుడు అర్ధరాత్రి వానలో కొండ ఎక్కుదురు.

ఏలీయా ప్రవక్త హోరేబు వరకు నలువది దినములు ఒంటరిగా నడచెను. కాని ఆ నడకకు బలమిచ్చిన అప్పము అతడు కాల్చుకొన్నది కాదు (1 రాజులు 19).

కాబట్టి పొంగిన యేటి గట్టున నిలిచినవాడు తన ధైర్యమును మాత్రమే లెక్కించుట చాలదు. తాను కొట్టుకొనిపోయినయెడల, ఆ నీటిలో దిగవలసిన పరుల ప్రాణములను కూడ లెక్కింపవలెను. అప్పుడు వెనుకకు తిరుగుట పిరికితనము కాదు, పొరుగువానిని ప్రేమించుటయే. ఒక దినము నష్టమగును, మూటలో రొట్టె తరుగును, గర్వము నొచ్చును. ఇవి భరింపదగిన నష్టములు.

అట్లయిన ఎవడును గడప దాటకూడదా? దాటవచ్చును. బయలుదేరుటకు ముందు తన దారి ఒకరికి చెప్పవలెను. ఒక దినపు ఆహారము ఎక్కువగా ఉంచుకొనవలెను. బాతీ విడుచునప్పుడు ఊడ్చి, వెనుక వచ్చువానికి ఎండుపుల్లలు ఉంచవలెను. ఎవరికి ఋణపడితిమో వారు కనబడనప్పుడు, వెనుక వచ్చువానికి ఆ ఋణము తీర్చుటయే మార్గము.

మన గ్రామములలో కొండ ఎక్కని ఒంటరి బాటసారులు అనేకులున్నారు. భార్యకు చెప్పక వడ్డీకి అప్పు తెచ్చి, "నా అప్పు నా తలమీదనే" యనువాడు అట్టివాడే. అతడు పడిన దినమున ఆ బరువు భార్యాబిడ్డల తలమీదికి వచ్చును. సహోదరుడా, నీవును అట్టి యేటి గట్టున నిలిచియున్నావా? నీరు ఇంకను పిక్కలలోతున్నప్పుడే నీ ఇంటివారికి చెప్పుము.