బిల్లు చివర్న అచ్చయిన ఆదా

అమ్మలూ,

నువ్వు ఫోటో తీసి పంపిన సరుకుల బిల్లు కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివాను. చివర్న "మీకు ఆదా అయినది 1,180 రూపాయలు" అని ఉన్నచోట ఎర్రగీత గీసి, "చూశావా పెద్దమ్మా!" అని రాశావు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లవి, రూపాయి రూపాయి చూసుకుంటున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ తల్లీ, ఆ 1,180 నీ చేతిలో మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో, ఎలా కొంటే మిగులుతుందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

నువ్వు కొన్నలాంటి పెద్ద కొట్లలో ధరలు తక్కువన్నది అబద్ధమేం కాదు. డీమార్ట్‌నే తీసుకో. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదటి కొట్టు తెరిచారు. ఇవాళ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఓ మోస్తరు పట్టణాలకు కూడా వచ్చేసింది. చాలావరకు సొంత స్థలాల్లోనే కొట్లు పెడతారు కాబట్టి అద్దె బరువు తక్కువ. సరుకు ఇచ్చిన కంపెనీలకు డబ్బు నెలల తరబడి ఆపకుండా తొందరగా కట్టేస్తారు, అందుకని కొట్టువాళ్లకు సరుకు తక్కువ ధరకే వస్తుంది. అలంకారాలకు పెట్టే ఖర్చూ తక్కువే. అలా కలిసొచ్చిన దాంట్లో కొంత మనకు ధరలో తగ్గిస్తారు. అది తెలివైన వ్యాపారం, అందులో తప్పు పట్టడానికేం లేదు.

మరి చిక్కెక్కడుందంటే, ఆ ఆదాని దేంతో పోల్చి లెక్కగట్టారన్న దాంట్లో ఉంది. బిల్లులో చూపించేది ఎమ్మార్పీకీ, నువ్వు ఇచ్చిన ధరకీ ఉన్న తేడా. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని ప్యాకెట్ మీద కంపెనీ వేసే గరిష్ఠ ధర. అంతే ఇచ్చి కొనాలని ఎక్కడా లేదు. నూనె ప్యాకెట్ సంగతి చూడు. నీ బిల్లులో లీటరు సన్‌ఫ్లవర్ నూనె ఎమ్మార్పీ 195, నువ్వు ఇచ్చింది 158. అయిదు ప్యాకెట్లకు 185 ఆదా అని చూపించారు. మా వీధి చివరి కిరాణా కొట్టులో అదే కంపెనీ ప్యాకెట్ అడిగాను, 164 అన్నాడు. అతను కూడా ఎమ్మార్పీకి అమ్మడు, అమ్మితే ఒక్కరూ కొనరు. అంటే నీకు నిజంగా కలిసొచ్చింది ప్యాకెట్‌కు ఆరు రూపాయలు, అయిదింటికీ కలిపి 30. నువ్వు ఎటూ ఇవ్వని ధరతో పోల్చుకుని మురిసిపోతే ఎలాగమ్మా?

ఇక అదే బిల్లులో రెండు దుప్పట్లు ఉన్నాయి. రెండూ కలిపి ఎమ్మార్పీ 999, ఇచ్చింది 599, ఆదా 400. ప్లాస్టిక్ డబ్బాల సెట్టు 398 నుంచి 198కి, ఆదా 200. నీ 1,180లో 600 ఈ రెండింటిదే. ఇవి రెండూ నువ్వు ఇంట్లో రాసుకుని వెళ్లిన చీటీలో లేవని నువ్వే చెప్పావు. వీటికి 797 రూపాయలు ఇచ్చి వచ్చావు. మిగతా 580లో, మా వీధి కొట్టు ధరలతో ఒక్కొక్కటీ సరిచూస్తే, అసలు తేడా 250 దాకా తేలింది. రానూపోనూ ఆటోకు 200 అయిందన్నావు. ఆ రోజు నీకు మిగిలింది 50 రూపాయలు, అనుకోకుండా ఖర్చయింది 797. దుప్పట్లు అవసరమైతే కొనుక్కో, ఎవరు వద్దన్నారు? కానీ అది బట్టల ఖర్చు. వెచ్చాల్లో ఆదా కింద రాసుకోకు.

చీటీలో లేనివి కొనిపించే కిటుకు ఈ కొట్లు నడిచే తీరులోనే ఉంది. డీమార్ట్ యజమాని సంస్థ ప్రకటించే లెక్కల్లో అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులే. బట్టలు, ఇంటి సామాన్ల వాటా అయిదో వంతుకు కాస్త ఎక్కువ. లాభం శాతం మాత్రం పప్పూ ఉప్పూ మీదకన్నా బట్టలు, సామాన్ల మీదే ఎక్కువ. పప్పు చవకని వెళ్తాం, బకెట్టు కొనుక్కుని వస్తాం. వాళ్లకు కావలసిందీ అదే. నీ మీద కోపంతో చెప్పడం లేదు. ఆదివారం సాయంత్రం ఆ తోపులాటలో, జీతం పడిన మొదటి వారంలో, ట్రాలీ తోసుకుంటూ ఇద్దరూ సరదాగా తిరుగుతుంటే ఎవరి చెయ్యైనా అటే పోతుంది. అందుకే నీకు చెప్పేది, వెళ్తే వారం మధ్యలో పొద్దున్నే వెళ్లు. చీటీ నువ్వు పట్టుకో, ట్రాలీ అల్లుడుగారికి ఇవ్వకు. పెద్ద ట్రాలీ బదులు చేతిబుట్ట తీసుకుంటే ఇంకా మంచిది. బరువు తెలిస్తే అక్కర్లేనిది పడదు.

ప్యాకెట్ చదవడం నేర్చుకో తల్లీ, అదే అసలు విద్య. ఇదివరకు నూనె, సబ్బు, బిస్కెట్ల వంటివి చట్టం చెప్పిన తూకాల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. దాన్ని తీసేశారు. ఇప్పుడు లీటరు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ అంటే 910 గ్రాములుండాలి కదా, దాని పక్కనే అదే ఎత్తులో, అదే రంగులో 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా కనిపిస్తున్నాయి. పది రూపాయలు తక్కువని చెయ్యి పెడతాం, తీరా చూస్తే తూకమే తక్కువ. ఆ నియమం తీసేసిన ప్రభుత్వమే గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ధర ఎంతో ప్యాకెట్ మీద వేయమని కంపెనీలను ఆదేశించింది. ఎమ్మార్పీ దగ్గరే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఎమ్మార్పీని బట్టి కట్టిన లెక్క కాబట్టి, కొట్టులో తగ్గించిన ధరకు నువ్వే ఫోన్లో భాగించి చూసుకోవాలి.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకని కూడా అనుకోకు. షాంపూ చూడు. మన దేశంలో చాలాసార్లు రూపాయి, రెండు రూపాయల చిన్న ప్యాకెట్లో మిల్లీలీటరుకు పడే ధర పెద్ద సీసాలో కన్నా తక్కువే ఉంటుంది. వరసన వేలాడే ఆ దండలోంచి కొనడం నామోషీ ఏం కాదు. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతమైంది. ఆ తగ్గింపు కాలనీ కొట్టుకైనా, పెద్ద మాల్‌కైనా ఒకటే. దాన్ని ఏ కొట్టువాడి గొప్పతనంగానూ చూడకు.

కందిపప్పు దగ్గర మాత్రం ధర ఒక్కటే చూస్తే నష్టపోతావు. చవక పప్పు కుక్కర్లో ఎన్ని కూతలు పెట్టినా బద్దలు బద్దలుగానే ఉండిపోతే గ్యాసూ దండగ, పప్పూ దండగ. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. త్వరగా ఉడుకుతుంది, కమ్మగా ఉంటుంది. ముందు ఏ కొట్టులోనైనా అర కిలో తెచ్చి వండి చూడు. నచ్చితే అప్పుడు రెండు కిలోలు కొను. మరీ నిగనిగలాడే పప్పుకు మురిసిపోకు, అది పాలిష్ మెరుపు.

బియ్యం సంగతి వేరు. నెలకు బస్తా తెచ్చుకునే ఇల్లు మనది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ. అంతకు మించిన బస్తాకు లేదు. మన ఊళ్లలో 26 కిలోల బస్తాలు అందుకే వచ్చాయి. పెద్ద కొట్టులో అయిదు కిలోలు, పది కిలోల ప్యాకెట్లు కొంటే ఆ పన్ను నువ్వే కడుతున్నట్టు. మీ దగ్గర బియ్యం కొట్టు ఒకటి చూసుకుని, పాత బియ్యమా కొత్తవా అడిగి, గుప్పెడు చేతిలో పోయించుకుని చూసి బస్తా వేయించుకో. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మన ఇళ్లలో ఇన్నేళ్లుగా తింటున్నాం. పేరున్న కొత్త బ్రాండ్ సంచికి ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు.

కూరగాయలు పెద్ద కొట్టులో కొనకు. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లు ఇప్పటికీ మనకు మంచి ఆసరా. మీ కూకట్‌పల్లి రైతు బజారులో రోజూ ధరల బోర్డు పెడతారు. అది చూసుకుని వారానికోసారి పొద్దున్నే వెళ్తే చాలు. ఆకుకూర మాత్రం ఏ రోజుకారోజు గుమ్మం ముందుకొచ్చే ఆవిడ దగ్గర కొను.

ఇద్దరున్న ఇంటికి బియ్యం తప్ప మిగతా సరుకుల నిల్వ ఎక్కువ పనికిరాదు. వానాకాలంలో రవ్వ, శనగపిండి, మినపగుళ్లు నెల తిరిగేలోపు పురుగు పడతాయి. పిండి ముక్కిపోతుంది. సగం పారబోసిన సరుకు ఎంత చవక్కి కొన్నా ఖరీదైనదే. ఇంకోటి, నూనె క్యాన్ నిండుగా ఉంటే పోపులో చెయ్యి ఉదారంగా తిరుగుతుంది. నెలకు ఎంత నూనె అవుతోందో వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టు. రెండు నెలల్లో నీకే లెక్క తెలుస్తుంది. నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. డెలివరీకి ఇంత, హ్యాండ్లింగ్‌కు ఇంత అని వేసే రూపాయలన్నీ కూడి చూసుకో.

ఇన్ని చెప్పి పెద్ద కొట్టుకు వెళ్లొద్దని మాత్రం అనను. నెలకోసారి నూనె, బట్టల సబ్బు పొడి, ఒంటి సబ్బులు, గిన్నెలు తోమే లిక్విడ్ లాంటివి అక్కడే తెచ్చుకో. ఒకే కంపెనీ, ఒకే తూకం కాబట్టి తేడా సూటిగా తెలుస్తుంది. అయితే కాలనీ కొట్టు ధర ముందే అడిగి చీటీలో పక్కన రాసుకుని వెళ్లు. ఆ తేడా ఆటో ఖర్చుకు మించితేనే ప్రయాణం పెట్టుకో. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒకే ఆటోలో వెళ్లినా బాగుంటుంది.

కాలనీ కొట్టతన్ని మాత్రం వదులుకోకు. మీ నాన్నకు జీతం ఆలస్యమైన నెలల్లో మీ అమ్మ పద్దు పుస్తకం మీదే ఇల్లు నడిపింది. పెద్ద కొట్టు నీ మొహం చూసి అరువివ్వదు. జ్వరమొచ్చి లేవలేని రోజు పావుకిలో ఉప్మా రవ్వ, రెండు నిమ్మకాయలు పైకి పంపేది అతనే. అల్లుడుగారు ఊళ్లో లేనప్పుడు గ్యాస్ బండ వస్తే దింపించి పెట్టేదీ అతనే. అతని ధర రెండు రూపాయలు ఎక్కువైతే ఆ రెండూ ఆ పనికి ఇచ్చామనుకో. ఇళ్లన్నీ పెద్ద కొట్లకే వెళ్లిపోతే అతను షట్టర్ దించేస్తాడు, తర్వాత అగ్గిపెట్టె కోసం కూడా నువ్వు ఆటో ఎక్కాల్సిందే. అందుకని ఉప్పు, చింతపండు, పోపు దినుసులు, ఇంగువ, అగరొత్తులు నెలనెలా అతని దగ్గరే కొనమ్మా.