రెక్కమీది పలుచని మంచు



పుష్యమాసపు తెల్లవారుజామున పొలమునకు పోవువాడు గడ్డిమీది మంచును చూచును. అది పాదములను తడుపును, ప్రొద్దెక్కగానే పోవును. అది ఎవరికైన హాని చేయునని మనము తలంపము. అయితే చలిదేశములలో ఆ మంచే గడ్డకట్టి చిన్న విమానపు రెక్కమీద నిలిచినప్పుడు మనుష్యులను చంపగలదు. చిన్న తప్పు నిజముగా చిన్నదేనా అని అడుగువారికి ఇందులో ఒక జవాబున్నది.

అమెరికా దేశమునకు చేరిన అలాస్కాలో అనేక గ్రామములకు బాటలు లేవు. రోగిని ఆసుపత్రికి చేర్చుటకైనను, ఉత్తరములు తెచ్చుటకైనను, దైవసేవకుడు వచ్చుటకైనను చిన్న విమానమే ఆధారము. ఆకాశము నిర్మలముగానుండి గాలి కదలని రాత్రులలో, ఆరుబయట నిలిపిన విమానపు రెక్క తన వేడిని విడిచి, చుట్టునున్న గాలికంటె ఎక్కువగా చల్లబడును. గాలిలోని తేమ దానిమీద తెల్లని నూగువలె గడ్డకట్టును.

దాని బరువు బహు స్వల్పము. అపాయము బరువులో లేదు, గరుకులో ఉన్నది. రెక్క పైభాగము నున్నగా ఉన్నప్పుడే గాలి దానిని అంటుకొని సాగి, విమానమును పైకెత్తును. వడ్రంగి వాడు గరుకు కాగితమువంటి మంచుపొర రెక్క ముందంచునను పైభాగమునను ఉన్నయెడల, పైకెత్తు శక్తి నూటికి 30 వంతుల వరకు తగ్గవచ్చును. వెనుకకు లాగు శక్తి 40 వంతుల వరకు పెరుగవచ్చును. అట్టి విమానము నేలకు దగ్గరగా ఉన్నంతసేపు లేచినట్లే కనబడును. ఇంకను పైకి పోబోగా గాలి రెక్కను విడిచిపెట్టును. అప్పుడు దిద్దుకొనుటకు క్రింద చోటుండదు.

2004 జనవరి 17న కెనడాలోని పీలీ ద్వీపమునుండి ఒక చిన్న సెస్నా విమానము 10 మందితో బయలుదేరి, కొద్దిసేపటికే గడ్డకట్టియున్న ఈరీ సరస్సుమీద కూలెను. ఒక్కరును బ్రదుకలేదు. విమానముమీద మంచుండెను; మోయదగినదానికంటె ఎక్కువ బరువును ఉండెను. ఒక తప్పునకు మరియొక తప్పు తోడాయెను.

మరియొక సంగతి వినుడి. అమెరికా విమాన నిబంధనలలో ఒకప్పుడు ఒక వెసులుబాటుండెను. కొన్ని తరగతుల విమానములు నడుపువారు రెక్కమీది మంచును పూర్తిగా తీయనక్కరలేదు. రుద్ది నున్నగా చేసిన చాలును. అయితే ఎంత రుద్దిన చాలునో చెప్పు కొలత దొరకలేదు. 2010 జనవరి 30 నుండి ఆ వెసులుబాటు రద్దాయెను. మంచును నున్నగా చేయుట చాలదు, తీసివేయవలసినదే.

సహోదరులారా, మనమును రుద్ది నున్నగా చేయువారము కామా? చాడీ చెప్పి దానికి ప్రార్థన మనవియని పేరు పెట్టుదుము. కూలివానికి గింజలు తక్కువ కొలిచి ఊరి ఆనవాయితీ అందుము. కులము చూచి గుడిలో ఎడముగా కూర్చుండి పెద్దలనాటి మర్యాద అందుము. పాపము పోలేదు, దాని గరుకు మాత్రము మన కంటికి కనబడకుండ పోయినది.

“ఇంత చిన్నదానికి ఇంత విచారణ ఏల? దేవుడు కృపగలవాడు కాడా?” అని కొందరందురు. అవును, కృపగలవాడే. గాని తప్పును బరువుచేత కాక, అది నిలిచిన స్థలముచేత చూడవలెను. చక్రమునకంటిన దుమ్ము వేరు, రెక్కమీది మంచు వేరు. మనలను దేవునియొద్దకును పొరుగువానియొద్దకును లేపునది ప్రేమ. ప్రేమమీద పేరుకొన్నది ఏదియు చిన్నది కాదు. కృపయైతే మంచును నున్నగా చేయదు, సూర్యునివలె కరిగించును. చలిదేశపు పైలెట్లు విమానమును ఎండకు త్రిప్పి నిలుపుదురు. నీడలోనున్న రెక్కమీది మంచు మాత్రము కరగక నిలుచును. మనము దాచుకొన్న భాగమునుగూర్చి భయపడుదము.

కొన్ని చిన్న విమానముల రెక్క మనిషి తలకంటె ఎత్తుననుండును. క్రింద నిలిచినవానికి పైభాగము కనబడదు. కొంత మంచు గాజువలె స్వచ్ఛముగానుండి కంటికి ఆనదు. గనుక పైలెట్ నిచ్చెన ఎక్కి, వట్టి చేతితో తడిమి చూడవలెను. 139వ కీర్తనలో భక్తుడు తన హృదయమును పరిశోధించుమని దేవుని వేడుకొన్నది ఇందుకే. మన కన్ను చాలదు. ఆయన చెయ్యి తగులవలెను.

ఆ తడుముటకు సమయము పట్టును. ప్రయాణికులు తొందరపెట్టుదురు. “నేను పోవునది దేవుని పనికే గదా” అని దైవసేవకుడైనను అనుకొనవచ్చును. గాని మంచు సువార్త విమానమని ఎంచి విడిచిపెట్టదు. మత్తయి 5వ అధ్యాయములో మన ప్రభువు, బలిపీఠమునొద్ద సహోదరుని నొప్పి జ్ఞాపకము వచ్చినవానిని కానుక అక్కడనే విడిచి వెళ్లి, మొదట సమాధానపడుమనెను. ఆరాధన ఆలస్యమైనను సరే, గరుకు రెక్కతో లేవవద్దని ఆయన భావము.

వచ్చు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు రాబోవు ప్రియులారా, శనివారము రాత్రియే మీ హృదయమును తడిమి చూడుడి. మీరు మాటలాడుట మానిన ఆ సహోదరుని యిల్లు రెండు వీధుల అవతలనే ఉన్నది. లేచి వెళ్లుడి. అందుకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.