పోయినవాళ్ల చీరలతో బొంత కుట్టుకోవచ్చా? కుచేలుడి కథలో దొరికిన జవాబు



మన ఊళ్లలో ఒక ఇంట్లో ఎవరైనా పోతే వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. ఘంటసాల గారి గొంతులో భగవద్గీత వినిపిస్తుంది. పరామర్శకి వచ్చిన పెద్దవాళ్లలో ఎవరో ఒకరు రెండో అధ్యాయం 22వ శ్లోకం గుర్తు చేస్తారు. మనిషి చిరిగిన బట్టలు వదిలేసి కొత్తవి కట్టుకున్నట్టే, ఆత్మ కూడా శిథిలమైన ఒంటిని వదిలి కొత్తది తీసుకుంటుందని స్వామి అర్జునుడికి చెప్పిన మాట అది.

చాలా గొప్ప మాట, అందులో అనుమానం లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అది వెళ్లిపోయినవాళ్ల ప్రయాణం గురించి చెప్పిన మాట. ఉండిపోయినవాళ్ల చేతిలో నిజంగానే బట్టలు మిగులుతాయి కదా, వాటి సంగతేంటి? అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన చీరలు, కొంగున ఇంకా పసుపు మరక ఉన్న చీరలు. అవి కట్టుకోలేం, పారేయలేం, ఎవరికైనా ఇద్దామంటే చెయ్యి రాదు.

ఈ వారం వీడియోలో ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఒక నెల్లిమర్ల అమ్మాయి. విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లినవాళ్లకి ఆ ఊరు దారిలో తగిలే ఉంటుంది, చంపావతి ఒడ్డున, జూట్ మిల్లు ఊరు. ఆ అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అమ్మ పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది. ట్రంకు పెట్టె మాత్రం తెరవలేదు. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ దాని మీద చెయ్యి వేసి తీసేసేదట. చుట్టాలేమో "పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదమ్మా, ఎవరికైనా ఇచ్చెయ్యి" అంటారు. చివరికి పెట్టె తెరిచింది ఆ అమ్మాయి కాదు, చిన్నప్పటి నుంచి పక్కవీధిలో పెరిగిన స్నేహితురాలు. "నువ్వు కూర్చో, నేను తీస్తా. ఏ చీర ఎప్పటిదో నువ్వు చెప్పు" అందట. అంతే.

ఇక్కడ మనం కుచేలుడి దగ్గరికి వెళ్లాలి.

కుచేలుడు అనేది నిజానికి పెట్టిన పేరు కాదండీ. చేలం అంటే బట్ట. కుచేలుడు అంటే చిరుగుబట్టల మనిషి. ఉత్తరాదివాళ్లు సుదాముడంటారు. సంస్కృత భాగవతం దశమ స్కంధం 80, 81 అధ్యాయాలు చదివితే అక్కడ ఆయనకి పేరే ఉండదు. కృష్ణుడికి ఒక బ్రాహ్మణుడు స్నేహితుడు ఉండేవాడు, అని మొదలవుతుంది. మనకి తెలిసిందల్లా ఆయన స్నేహం, ఆయన చిరుగుబట్ట. భార్య ఇరుగుపొరుగుని అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులు కూడా ఒక పాత గుడ్డముక్కలోనే మూట కట్టి ఇచ్చింది.

ద్వారకలో ఏం జరిగిందో మీకు తెలుసు. స్వామి తన పాన్పు మీద కూర్చోబెట్టాడు, కాళ్లు కడిగాడు, రుక్మిణమ్మ వింజామర వీచింది. ఈయనకేమో ఆ మూట బయటికి తీయడానికి సిగ్గు. తల వంచుకుని కూర్చున్నాడు. అప్పుడు కృష్ణుడే ఆ గుడ్డమూట లాక్కుని విప్పాడు. మనం ఎప్పుడూ అటుకుల దగ్గర, ఆ తర్వాత వచ్చిన సంపద దగ్గర ఆగిపోతాం. మూట విప్పకముందు కృష్ణుడు ఏం మాట్లాడాడో చూడండి. ఇల్లెలా గడుస్తోంది అని గుచ్చి గుచ్చి అడగలేదు, ధైర్యం చెప్పలేదు.  సాందీపని గారి ఆశ్రమంలో ఒక రాత్రి గుర్తు చేశాడు. గురుపత్ని కట్టెలు తెమ్మని పంపితే కాలం కాని కాలంలో పెద్ద వాన పట్టుకుంది. చీకటి, ఎటు చూసినా నీళ్లు, దారి తెలియదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ అడవిలోనే తిరిగారు. తెల్లారాక గురువుగారే వెతుక్కుంటూ వచ్చారు. ఆ చలి ఇద్దరూ కలిసి పడ్డారు కాబట్టే ఈ మూట విప్పే హక్కు కృష్ణుడికి వచ్చింది.

ట్రంకు పెట్టె తెరిచిన స్నేహితురాలు కూడా సరిగ్గా ఆ పనే చేసింది.

సరే, ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. కుట్టుకోవచ్చా? మీ ఇంటి ఆచారం ఏదైనా ఉంటే పెద్దల్ని అడిగి దాని ప్రకారమే చెయ్యండి. అలాంటి ఆచారమేదీ లేకపోతే భయపడాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం. కొన్ని దానం ఇవ్వండి, అది మంచిదే. అన్నీ ఇచ్చేస్తేనే పోయినవాళ్లకి శాంతి అని చెప్పి పిల్లల్ని బెదిరించడం మాత్రం నాకు నచ్చదు. పాత గుడ్డని తక్కువగా చూసే అలవాటు మన సంప్రదాయంలో లేదు. బొంతని సంస్కృతంలో కంథ అంటారు. వీధిలో పడేసిన పేలికలతో కుట్టిన కంథ కప్పుకుని తిరిగే యోగి భజగోవిందంలో కనిపిస్తాడు. బెంగాల్లో చీరల మీద కనిపించే కాంథా కుట్టు కూడా ఈ మాటే. రామతీర్థంలో రాముడి కోవెలకి దగ్గరలోనే గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామం శిథిలాలున్నాయి. బౌద్ధ భిక్షువుల చీవరం కూడా ముక్కలు కలిపి కుట్టిందే. మగధలో గట్లు వేసిన వరిమళ్లని చూపించి అలా కుట్టించమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని వినయ పిటకంలో ఉంది. అంటే అతుకుల బట్ట కప్పుకున్నవాళ్లు ఆ కొండల్లో ఎప్పుడో తిరిగారన్నమాట.

ఇక కుట్టే పద్ధతి. వీడియో చూసి చాలామంది ఇదే అడుగుతారని తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నూలు చీరలే తీసుకోండి. పట్టు, పాలిస్టర్ జారిపోతాయి, కుట్టు నిలవదు. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. మూడు చీరలు సగానికి కోస్తే ఒక మనిషికి సరిపడా ఆరు పొరలు వస్తాయి. పొడవు ఎక్కువైతే చివర మడిచి కుట్టుకోవచ్చు. బాగా చిరిగినవి లోపలికి, రంగు నిలిచినవి పైకి, అంచులు నాలుగు పక్కలా. అన్నీ ఉతికి బాగా ఎండబెట్టాకే మొదలుపెట్టాలి. నేల మీద పరిచి మూలల్లో బరువు పెట్టి, ముందు వదులుగా టాకాలు వేసుకోవాలి. తర్వాత రెండు పేటల దారంతో వేలెడు దూరానికి ఒక వరస. గోనెసంచులు కుట్టే దబ్బనం వాడకండి, పాత నూలుకి పెద్ద పెద్ద కన్నాలు పడతాయి.

వీళ్లిద్దరూ మొదటిరోజు ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచు నుంచి కుట్టుకుంటూ వచ్చారట. సాయంత్రానికి ముడతలన్నీ మధ్యలో గుట్టలా చేరాయి. పక్కింటి మామ్మ చూసి, "ఏటే ఆ లాగుడు? గుడ్డని ఒగ్గీయండి, దానంతటది కూకుంటాది. నడిమి నుంచి మొదలెట్టండి" అందట. మొత్తం విప్పేసి, ఇద్దరూ మధ్యలో పక్కపక్కన కూర్చుని చెరో పక్కకీ కుట్టడం మొదలుపెట్టారు. ముడతలు అంచుల దాకా పోయి బయటికి వెళ్లిపోయాయి.

కుడుతూ కుడుతూ ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. ఈ నీలం చీర పైడితల్లి సిరిమానుకి విజయనగరం వెళ్లినప్పుడు కట్టుకుంది. ఇది నా పదో తరగతి ఫలితాలు వచ్చినరోజుది. ఈ గళ్ల చీర ఆసుపత్రిలోది. అక్కడ మాట ఆగిపోయింది. స్నేహితురాలు ఏమీ అనలేదు. ఆ చీర వరసలో తనే నాలుగు కుట్లు వేసి సూది మళ్లీ ఆ అమ్మాయి చేతికిచ్చింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చిందట. మామ్మ టీ పెట్టి తెచ్చేదాకా ఇద్దరూ ఏడ్చారు.

మీలో చాలామంది హాస్టళ్లలో, పీజీల్లో, ఒంటరి ఫ్లాట్లలో ఉంటున్నారు. ఆన్‌లైన్లో మెత్తటి రజాయి రెండు రోజుల్లో తలుపు దగ్గరికి వస్తుంది, తప్పేం లేదు. మీ దగ్గర కూడా తెరవని పెట్టె ఒకటి ఉంటే, ఎవరి ముందు తెరవగలరో ఆ మనిషికి ఈ వారం ఫోన్ చెయ్యండి. అవతలి మనిషి స్థానంలో మీరున్నారా, అయితే సలహాలు కాసేపు పక్కన పెట్టి వెళ్లి పక్కన కూర్చోండి.

నెల్లిమర్ల బొంత ఇంకా పూర్తి కాలేదు. సెలవు అయిపోయి ఆ అమ్మాయి బెంగళూరు వెళ్లిపోయింది. ఒక్క చీర మాత్రం కొయ్యకుండా పక్కన పెట్టుకుంది. మిగతా సగం సంక్రాంతికి కుడతారట. అప్పటిదాకా బొంత స్నేహితురాలి ఇంట్లో ఉంటుంది. మడత పెడుతుంటే మామ్మ మళ్లీ అందుకుందట: "సూది తీసి పెట్టండే, సంటిపిల్లలు తిరిగే ఇల్లు."