దారికూలి

ఇల్లు మారేటప్పుడు సామాను బండి బాడుగ దగ్గర వచ్చే తగాదా సాధారణంగా మోసిన బరువు గురించి కాదు. బండి తన స్టాండు నుంచి పాత ఇంటికి రావడానికి, కొత్త ఇంట సామాను దించి ఖాళీగా తిరిగిపోవడానికి పట్టిన కాలాన్ని లెక్కలో చేర్చినప్పుడే మాటామాటా పెరుగుతుంది. ఏ బరువూ మోయని రాకపోకలకు కూలి ఎందుకన్న ఈ ప్రశ్న పైకి బేరంలా కనిపించినా, ఒక పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న శాస్త్రవిచారణకే చెందుతుంది.

యజ్ఞకర్మలను విచారించే పూర్వమీమాంసలో ఫలాన్నిచ్చే కర్మను ప్రధానమని, తనకంటూ వేరే ఫలం లేకుండా ప్రధానం నెరవేరడానికి తోడ్పడేదాన్ని అంగమని అంటారు. అంగం లోపిస్తే ప్రధానం పూర్తి కాదు గనుక, ఖాళీ బండి నడక కూడా సామాను చేరవేతకు అంగమే, దాని కూలి న్యాయమే. అయితే ఆ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాల పదకొండో అధ్యాయం తంత్రమనే నియమాన్ని చర్చిస్తుంది: ఒక్కసారి చేసిన అంగం పలు ప్రధానాలకు ఉపకరిస్తే దాన్ని ఒక్కోదానికీ మళ్లీ చేయనక్కర లేదు, ఉదాహరణకు పౌర్ణమినాటి ఇష్టి అనే యాగంలో ప్రయాజాలనే ఆహుతులను ప్రధానయాగాలన్నిటికీ కలిపి ఒక్కసారే ఇస్తారు. ఈ లెక్కన తిరుపతి నుంచి చిత్తూరుకు ఒకరి సామాను చేర్చిన బండి, తిరుగుదారిలో వేరొకరి సామాను ఎక్కించుకుంటే, ఆ దారికూలిని ఇద్దరి దగ్గరా పూర్తిగా వసూలు చేయడం అధర్మం.

తిరుమల కొండదారిలో ప్రధానానికీ అంగానికీ ఉన్న భేదం ఇంకా లోతుగా కనిపిస్తుంది. 1944లో ఘాట్ రోడ్డు రాకముందు నడవలేనివారు డోలీల్లో కొండెక్కేవారు. అలిపిరి నుంచి సాగే సుమారు 3,550 మెట్లలో మోకాళ్ళ పర్వతం దగ్గర ఎక్కుడు నిలువుగా ఉంటుంది. మొక్కుకున్నవారు కొందరు అక్కడ మోకాళ్ళమీదే ఎక్కుతారు. ఆ భక్తుడికి మెట్టెక్కడమే ప్రధానం. డోలీ మోసేవాడికి అదే మెట్టు బతుకుతెరువులో అంగం. పైన మనిషిని దించి ఖాళీ డోలీతో దిగేటప్పుడు కాళ్ళ పిక్కలు పట్టేసేదీ, పూట గడిచిపోయేదీ అతనికే గనుక, కొండ పుణ్యాన్ని చూపి అతని దిగుడుదారిని ఉచితసేవగా భావించడం తగదు.

ప్రతిఫలం కోరని సేవను వైష్ణవులు కైంకర్యమంటారు. రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి రోజూ పాపవినాశనం నుంచి అభిషేకజలం మోసుకొచ్చేవారని, ఒకనాడు స్వామి బోయవాని రూపంలో వచ్చి, తాతా అని పిలిచి ఆ నీళ్ళు తాగేశాడని, మళ్లీ అంతదూరం వెళ్ళలేక బాధపడుతున్న ఆ వృద్ధుడి కోసం బాణం వేసి దగ్గర్లోనే ఆకాశగంగను పుట్టించాడని ఐతిహ్యం. తిరుమలలో ఏటా జరిగే తన్నీరముదు ఉత్సవం ఆ ఘట్టానిదే. నంబి తన దారిని లెక్కపెట్టుకోలేదు, దాన్ని లెక్కలోకి తీసుకున్నవాడు సేవ అందుకున్న స్వామి. కైంకర్యంలోనే ఇంత ఆలోచన ఉన్నప్పుడు, కూలికి వచ్చినవాడి దారిని పట్టించుకోకపోవడానికి భక్తి సాకు కాజాలదు.

ధర్మశాస్త్ర గ్రంథమైన యాజ్ఞవల్క్యస్మృతి కూలి విషయంలో చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. బరువు మోస్తానని ఒప్పుకున్నవాడు బయలుదేరే వేళ మానుకుంటే కూలిలో ఏడోవంతు, దారిలో వదిలేస్తే నాలుగోవంతు, సగందారిలో వదిలేస్తే మొత్తం కూలి చెల్లించాలని, పని మాన్పించిన యజమానికీ అదే శిక్షని చెబుతుంది. కూలి ముందుగా తేల్చకుండా వర్తకంలో పని చేయించుకున్నవాడు లాభంలో పదోవంతు ఇవ్వాలనడంలో, మాట తేల్చుకోని తప్పును పనికి పెట్టుకున్నవాడిమీదే మోపింది.

నేటి స్థితిలో కూలి ముందుగా తేల్చే ఈ భారం కొంత బండివారి వైపు జరగవలసి ఉంది. కాలిఫోర్నియాలో గంటల లెక్కన కట్టే దగ్గరి తరలింపుల్లో, పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య ప్రయాణకాలాన్ని రెట్టింపు చేసి వేసే పద్ధతి ఉంది. ఆ రెండు ఇళ్ళూ ఇంటివారికి తెలిసినవే గనుక లెక్కను వారే సరిచూసుకోగలరు. తిరుపతిలో బండి ఎక్కడి నుంచి వస్తుందో బండివారికే తెలుసు గనుక, పోనూ రానూ పట్టే కాలాన్ని సామాను ఎక్కించకముందే చెప్పడం వారి బాధ్యత. విని ఒప్పుకున్న తర్వాత, దించే వేళ అందులో కోత పెట్టే హక్కు ఇంటివారికి ఉండదు.